నాలుక అందని చోట: వయసు మళ్ళి, ఒళ్ళు చేసిన పిల్లి చర్మాన్నీ బొచ్చునూ ఎలా చూసుకోవాలి

పిల్లి తన ఒంటిని తానే శుభ్రం చేసుకుంటుందనీ, మనం చేయవలసిందేమీ ఉండదనీ అనుకోవడం పడుచు పిల్లి విషయంలో చాలావరకు సరైనదే. పదేళ్ళు దాటి, ఒళ్ళు కూడా చేసిన పిల్లి విషయంలో ఆ మాట దాని ముందు సగానికి మాత్రమే వర్తిస్తుంది. తల, మెడ, రొమ్ము, ముందు కాళ్ళు ఎప్పటిలాగే నున్నగా మెరుస్తుంటాయి. నడుము దాటి వెనక్కి వచ్చేసరికి బొచ్చు జిడ్డుగా, పాయలు పాయలుగా విడిపోయి, మధ్యలో తెల్లటి పొట్టు రాలుతూ కనిపిస్తుంది. చాలామంది దీన్ని చుండ్రు అనుకుని షాంపూ కోసం, నూనె కోసం వెతుకుతారు. అసలు కారణం నాలుక అక్కడిదాకా అందకపోవడం.

పిల్లి నాలుక మీద గొంతు వైపుకు వంగిన చిన్న చిన్న ముళ్ళు ఉంటాయి. వాటి కొసలు గుల్లగా ఉండడం వల్ల అవి నోటిలోని లాలాజలాన్ని తీసుకెళ్ళి బొచ్చు అడుగున ఉన్న చర్మాన్ని తడపగలుగుతాయి. నాకిన ప్రతిసారీ ఊడిన వెంట్రుకలు, చచ్చిన చర్మపు పొట్టు పైకి వచ్చేస్తాయి. చర్మగ్రంథుల నుంచి ఊరే నూనె వెంట్రుక పొడవునా పరుచుకుంటుంది. ఈ పని ఆగిపోయిన చోట నూనె వెంట్రుకల మొదళ్ళలోనే పేరుకుంటుంది, పొట్టు అక్కడే నిలిచిపోతుంది, ఊడిన వెంట్రుకలు ఊడని వాటితో పెనవేసుకుని ఉండలు కడతాయి. తోక మొదలును నాకాలంటే పిల్లి తన వెన్నును బాగా మెలితిప్పాలి. పొట్ట అడ్డుగా ఉంటే ఆ మెలిక పూర్తిగా తిరగదు. కీళ్ళు అరిగి ఉంటే తిరిగినా నొప్పి పుడుతుంది. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 పిల్లుల కీళ్ళలోనో వెన్నుపూసల్లోనో అరుగుదల కనిపించింది. కుంటితే తప్ప పిల్లికి నొప్పి ఉందని మనకు తోచదు. పిల్లి మాత్రం కుంటకుండానే, ఎత్తు మీదికి గెంతడం తగ్గించి, నడుము నాకడం మానేసి, నెలల తరబడి ఆ నొప్పిని దాచుకోగలదు.

కాబట్టి మీరు పూనుకోబోయేది బొచ్చుకు చేసే సింగారం కాదు. నాలుక వదిలేసిన పనిని మీ చేతులు అందుకోవాలి. ఆ నాలుక మళ్ళీ అక్కడికి అందేలా బరువునూ నొప్పినీ తగ్గించాలి. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఫలితం నిలవదు.

దువ్వెన పట్టే ముందు ఒళ్ళంతా తడిమి చూడండి

పిల్లి నిద్ర మత్తులో మెత్తగా ఉన్న సమయం చూసుకుని, మంచి వెలుతురులో, తల నుంచి తోక దాకా చేత్తో తడమండి. వెంట్రుకలను వాటి వాలుకు ఎదురుగా కొద్దిగా లేపి, అడుగున చర్మం ఏ రంగులో ఉందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం లేత రంగులోనో, పిల్లి రంగును బట్టి నల్ల మచ్చలతోనో ఉంటుంది తప్ప ఎర్రగా, చెమ్మగా, వాసన వేస్తూ ఉండదు.

చెడిన బొచ్చు ఒంటి మీద ఎక్కడెక్కడ ఉందన్నదే ఇక్కడ మీకు అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. నడుము, తోక మొదలు, తొడల వెనుక భాగం మాత్రమే చెడిపోయి, ముందు భాగం బాగుంటే నాలుక అందడం లేదని దాదాపుగా నిర్ణయించుకోవచ్చు. ముందు భాగం కూడా మాసిపోయి, ఒళ్ళంతా బొచ్చు పేలవంగా నిక్కబొడుచుకుని ఉంటే, పిల్లి నాకడమే మానేసిందన్నమాట. పళ్ళ జబ్బు, చిగుళ్ళ వాపు, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ అతిగా పనిచేయడం, మధుమేహం వంటివి దాని వెనుక ఉండవచ్చు. బాగా తింటూ కూడా బరువు తగ్గిపోతున్న ముసలి పిల్లిలో థైరాయిడ్‌నూ, నీళ్ళు ఎక్కువ తాగుతూ ఎక్కువ మూత్రం పోసే లావు పిల్లిలో మధుమేహాన్నీ ముందుగా పరీక్షించాలి. లావుగా ఉన్న పిల్లి దానంతటదే సన్నబడడం మొదలుపెడితే సంతోషించకండి. ఆ వారంలోనే వైద్యుడికి చూపించండి.

పొట్ట మీదా, తొడల లోపలా వెంట్రుకలు కత్తిరించినట్లు పొట్టిగా, గరుకుగా తగిలితే సమస్య పూర్తిగా వేరు: పిల్లి అక్కడ అతిగా నాకుతోంది. అలర్జీ దురద వల్ల గానీ, మూత్రాశయంలోని నొప్పి వల్ల గానీ అలా నాకవచ్చు. గుండ్రంగా బొచ్చు ఊడి, అంచున పొలుసులు లేచిన మచ్చ తామర కావచ్చు. అది మనుషులకూ అంటుకుంటుంది కనుక, నిర్ధారణ అయ్యేదాకా తాకిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నల్ల రవ్వ లాంటి మురికి కనిపిస్తే దాన్ని తడిసిన తెల్ల కాగితం మీద వేసి నలపండి. ఎర్రటి గోధుమ రంగు చార దిగితే అది ఫ్లీలు అనే గెంతే పురుగుల రెట్ట; ఆ ఎరుపు అవి పీల్చిన రక్తానిది. ఫ్లీలు కూడా నాలుక అందని తోక మొదట్లోనే ఎక్కువగా చేరుతాయి కాబట్టి, ఈ కాగితం పరీక్ష చేయకుండా పొట్టుకు కారణం లావే అని తేల్చేయకండి. రాలిన తెల్ల పొట్టు నల్ల గుడ్డ మీద కదులుతున్నట్లు కనిపిస్తే అది చర్మం మీద బతికే సూక్ష్మ పురుగుల పని. దానికి మందు వేరు.

గడ్డలు తగిలితే వాటి చోటు, పరిమాణం, తేదీ రాసి పెట్టుకోండి. సూది వేసిన చోట వచ్చిన గడ్డ 3 నెలల తర్వాత కూడా పోకపోయినా, 2 సెంటీమీటర్ల కంటే పెద్దదైనా, సూది వేసి నెల గడిచాక కూడా పెరుగుతూనే ఉన్నా, పశువైద్యులు దాని నుంచి ముక్క తీసి పరీక్షించాలని చెబుతారు.

చివరగా పక్కటెముకలు. మీ చేతి పిడికిలి విప్పి, అరచేయి కిందికి పెట్టి, చేతి వెనుక వైపు ఉన్న ఎముకలను తడమండి. సరైన బరువున్న పిల్లి పక్కటెముకలు ఇంచుమించు అలాగే తగలాలి. గట్టిగా నొక్కితే తప్ప ఎముక దొరకకపోతే పిల్లి లావుగా ఉన్నట్లే. వెనుక కాళ్ళ ముందు వేలాడే మెత్తటి తిత్తి చాలా పిల్లులకు పుట్టుకతో వచ్చేదే, సన్న పిల్లులకూ ఉంటుంది. దాన్ని చూసి బరువు అంచనా వేయకండి.

నొప్పి సంగతి ముందు తేల్చుకోండి

వెనుక భాగం చెడిన పిల్లిని దువ్వడం మొదలుపెట్టే ముందే పశువైద్యుడి దగ్గర కీళ్ళనూ పళ్ళనూ చూపించడం మంచిది. నొప్పి ఉన్న నడుము మీద దువ్వెన పెడితే పిల్లి కరుస్తుంది. కరిచిందని మీరు మానేస్తారు. మానేసిన కొద్దీ ఉండలు పెరుగుతాయి. నొప్పి తగ్గిన పిల్లి తానే మళ్ళీ నాకడం మొదలుపెట్టడం కూడా అరుదేమీ కాదు. మనుషులు వాడే నొప్పి మాత్రలు మాత్రం ఎంత చిన్న ముక్కైనా ఇవ్వకండి. పారాసిటమాల్‌ను విరిచి అరుగుదల చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు.

పిల్లుల కీళ్ళ నొప్పికి నెలకొకసారి వేసే ఫ్రూనెవెట్‌మాబ్ అనే సూదిమందుకు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. బొచ్చు గురించి రాస్తున్న చోట దీన్ని ప్రస్తావించడానికి కారణముంది: ఆ మందు తీసుకున్న కొన్ని పిల్లులకు చర్మం దురద పెట్టడం, తల, మెడ మీద పుండ్లలా పెచ్చులు కట్టడం కనిపించింది. మీ పిల్లికి ఆ సూది వేయిస్తున్నట్లయితే, తర్వాతి వారాల్లో మెడ చుట్టూ ప్రత్యేకంగా చూస్తూ ఉండండి.

రోజూ రెండు మూడు నిమిషాల దువ్వడం

వారానికొకసారి అరగంట దువ్వడం కంటే రోజూ మూడు నిమిషాలు దువ్వడం ఎంతో మేలు. ముసలి చర్మం పలచగా, సాగే గుణం తగ్గి ఉంటుంది. అరగంట పాటు ఒకే చోట రుద్దితే అది ఎర్రబడుతుంది, పిల్లికి దువ్వెన అంటేనే భయం పట్టుకుంటుంది.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. పళ్ళు మధ్యస్థంగా ఎడంగా ఉన్న, కొసలు గుండ్రంగా ఉన్న లోహపు దువ్వెన ఒకటి, పొట్టి బొచ్చు పిల్లికైతే మెత్తటి రబ్బరు బ్రష్ ఒకటి సరిపోతాయి. సన్నని తీగలతో చేసిన బ్రష్ వాడదలిస్తే ముందు మీ ముంజేతి లోపలి భాగం మీద గీసుకుని చూడండి. మీకు గుచ్చుకున్నది పిల్లికి ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. లోపలి నూగును లాగిపడేసే పదునైన బ్లేడు దువ్వెనలు కుప్పలు కుప్పలుగా బొచ్చు తీస్తాయి కాబట్టి చూడడానికి తృప్తిగా ఉంటాయి. పలచని ముసలి చర్మం మీద, ఎముక పైకి వచ్చిన చోట అవి గాట్లు పెడతాయి. ఈ పిల్లికి నేను వాటిని వాడమనను.

పిల్లిని ఎత్తుకుని బల్ల మీద పెట్టకండి. అది ఎక్కడ పడుకుని ఉందో అక్కడికే వెళ్ళి, పక్కన కూర్చోండి. మొదటి వారం బుగ్గలు, గడ్డం కింద, మెడ వరకే దువ్వి ఆపేయండి. అవి పిల్లి తానై రుద్దించుకునే చోట్లు కనుక దువ్వెనకు మంచి పేరు అక్కడే వస్తుంది. రెండో వారం భుజాల మీదుగా వీపు దాకా రండి. నడుము మీద మొదట మూడు నాలుగు సార్లు మాత్రమే, వెంట్రుక వాలు వెంట, దువ్వెన బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా లాగండి. ఇంకో చెయ్యి తుంటి పక్కన ఊరికే ఆనించి ఉంచితే పిల్లికి కుదురుగా ఉంటుంది. కాలును పక్కకు చాచడం, వెల్లకిలా తిప్పడం లావు పిల్లికి రెండు విధాలా కష్టం: తుంటి నొప్పి పుడుతుంది, పొట్ట బరువు పైకి ఒత్తి ఊపిరి ఆడనివ్వదు. చంకలనూ గజ్జలనూ అది పక్కకు ఒత్తిగిలి పడుకున్నప్పుడు, ఒక రోజు ఒక పక్కన, మరో రోజు రెండో పక్కన దువ్వుకోవచ్చు.

తోక కొస టపటప కొట్టడం, వీపు చర్మం అలలా వణకడం, చెవులు వెనక్కి తిరగడం, చటుక్కున తల తిప్పి దువ్వెన వైపు చూడడం, ఇవి కనిపిస్తే ఆ క్షణంలోనే ఆపేయండి. అప్పటికి పది సెకండ్లే అయినా సరే. కరిచే దాకా ఆగి అప్పుడు మానేస్తే, కరిస్తేనే ఆపుతారని మీరే నేర్పినట్లవుతుంది. దువ్విన తర్వాత తినడానికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఆ రోజుకు కొలిచి పెట్టిన మేతలోంచే నాలుగు గింజలు తీసి ఇవ్వండి. అదనంగా ఇచ్చే ప్రతి ముక్కా మీరు తగ్గించాలనుకుంటున్న బరువులోకే చేరుతుంది.

పొడవు బొచ్చు పిల్లికి పైపైన దువ్వితే పైపొర మాత్రమే నున్నగా కనిపిస్తుంది, అడుగున ఉండలు అలాగే ఉంటాయి. బొచ్చును చేత్తో పాయగా విడదీసి, చర్మం కనిపించే దాకా తీసి, కింది పాయ నుంచి పైకి ఒక్కొక్క వరుసగా దువ్వాలి. దువ్వెన చర్మం నుంచి కొస దాకా అడ్డు లేకుండా జారితేనే ఆ వరుస పూర్తయినట్లు.

ఉండలు కట్టిన బొచ్చు

ఉండ చూడడానికి బొచ్చు సమస్యే అయినా అది పెట్టే బాధంతా చర్మానిది. ఎండిన కొద్దీ అది బిగుసుకుని అడుగు చర్మాన్ని అన్ని వైపుల నుంచీ లాగుతుంది, గాలి ఆడనివ్వదు, కింద చెమ్మ చేరి పుండు పడుతుంది. పిల్లి కాలు చాచిన ప్రతిసారీ ఆ లాగుడు నొప్పి తెలుస్తూనే ఉంటుంది.

కత్తెర ఎప్పుడూ వాడకండి. ఈ వ్యాసంలో ఒక్క హెచ్చరికే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. ఉండను పట్టుకుని పైకి లాగినప్పుడు పలచని చర్మం దానితోపాటు గుడారంలా పైకి లేస్తుంది. మీరు బొచ్చు అనుకుని కత్తిరించేది ఆ చర్మాన్నే కావచ్చు. నేనూ ఒకసారి చాలా జాగ్రత్తగా కత్తిరిస్తున్నాననుకుంటూనే ఆ పని చేశాను. రక్తం పెద్దగా రాలేదు కానీ చర్మం నోరు తెరిచినట్లు విడిపోయి, మత్తు ఇచ్చి కుట్లు వేయవలసి వచ్చింది.

వేలి గోరంత ఉన్న వదులైన ఉండైతే దాని మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్ళతో నలుపుతూ అంచుల నుంచి కొద్ది కొద్దిగా విడదీయండి. ఉండకూ చర్మానికీ మధ్య, బొచ్చు మొదళ్ళను రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుంటే లాగుడు చర్మం దాకా పోదు. తర్వాత దువ్వెన కొసతో ఉండ చివరి నుంచి మొదలు వైపుకు, ఒక్కొక్క పాయగా విప్పండి. రెండు నిమిషాల్లో విడిపోకపోతే మిగతాది రేపటికి ఉంచండి. ఉండను తడపకండి, తడిసి ఆరిన ఉండ ముందుకంటే గట్టిగా బిగుస్తుంది.

చర్మానికి అట్టలా అంటుకుపోయిన వాటినీ, నడుము మీద చాపలా పరుచుకున్న వాటినీ ఇంట్లో తీయాలని చూడకండి. వాటిని ట్రిమ్మర్‌తో, అవసరమైతే మత్తు ఇచ్చి, పశువైద్యశాలలో తీయించడమే పిల్లికి తక్కువ బాధ. గొరిగిన చోట చర్మం కొన్ని రోజులు ఎర్రగా ఉండవచ్చు. పొట్టి బొచ్చు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, పొడవు బొచ్చుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆ కాలమంతా రోజూ దువ్వడం అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు, ఎందుకంటే లాగడానికి అక్కడ ఏమీ ఉండదు.

తోక కింద

ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని చోటు ఇదే, లావు పిల్లికి అన్నిటికంటే ముందుగా చెడేదీ ఇదే. మలద్వారం చుట్టూ బొచ్చుకు మలం అంటుకుని ఎండిపోతుంది. ఆడ పిల్లిలో మూత్రద్వారం చుట్టూ కొవ్వు మడతలు పడి, వాటి మధ్య మూత్రపు చుక్కలు నిలిచి, చర్మం ఒరుసుకుని పుండవుతుంది. అక్కడి నుంచి సూక్ష్మక్రిములు మూత్రాశయంలోకి కూడా పాకవచ్చు. బయటి నుంచి కనిపించదు కనుక, చెడు వాసన వచ్చే దాకా ఆగకుండా రోజుకొకసారి తోక ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి. తోకను మొదట్లో మెత్తగా పట్టి పక్కకు జరపాలి. నిటారుగా పైకి లాగితే నడుము నొప్పి పుడుతుంది.

ఎండిన మలాన్ని గీకకండి. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను ఒక నిమిషం పాటు దాని మీద అద్ది ఉంచితే అది నానుతుంది. అప్పుడు ముందు నుంచి వెనక్కి, అంటే మూత్రద్వారం వైపు నుంచి మలద్వారం వైపుకు తుడవండి. మడతలను రెండు వేళ్ళతో విడదీసి లోపల కూడా తుడిచి, పొడి గుడ్డతో రుద్దకుండా అద్దుతూ పూర్తిగా ఆర్పండి. తడి మిగిలితే చేసిన పనంతా వృథా. సువాసన, ఆల్కహాల్ లేని, పిల్లుల కోసమే చేసిన తడి కాగితాలు కూడా వాడవచ్చు. పిల్లలకు వాడే టాల్కమ్ పౌడరు మడతల్లో ముద్ద కడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జింకు ఉన్న లేపనాలు నాకితే విషం. చర్మం ఎర్రగా, చెమ్మగా, పుల్లని వాసనతో ఉంటే పై పూతలు ప్రయత్నించకుండా వైద్యుడికి చూపించండి.

పొడవు బొచ్చు పిల్లికి తోక కింద, తొడల వెనుక బొచ్చును రెండు నెలలకోసారి ట్రిమ్మర్‌తో పొట్టిగా తీయిస్తే ఈ శ్రమలో సగం తగ్గిపోతుంది. పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక పెట్టె (లిట్టర్ పెట్టె) వైపు కూడా ఒక చూపు చూడండి. అది పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండి, ఒక పక్క గోడ తక్కువ ఎత్తులో ఉంటే పిల్లి లోపల తిరిగి సరిగ్గా కూర్చోగలుగుతుంది. ఇరుకు పెట్టెలో సగం వంగి కూర్చున్న పిల్లి తన మీదే పోసుకుంటుంది.

స్నానం

చాలా పిల్లులకు అవసరమే ఉండదు. నడుము మీది జిడ్డుకు తడి గుడ్డతో తుడిచి, ఆరాక దువ్వడం సరిపోతుంది. నూనె ఒలికినా, వైద్యుడు మందు షాంపూ చెప్పినా తప్ప స్నానం జోలికి పోకండి. తప్పనిసరైతే ముందు రోజు గోళ్ళు కత్తిరించి, ఆ రోజు ఉండలన్నీ తీసేసి, గది వెచ్చగా ఉంచి, టబ్బు అడుగున జారకుండా తువాలు పరచండి. నీళ్ళు పిల్లి ఒంటి వేడికి దగ్గరగా, పొట్టను తాకే లోతులో ఉండాలి. తల మీద పోయకుండా, ముఖాన్ని గుడ్డతో తుడవండి. మనుషుల షాంపూ చాలావరకు మన చర్మపు ఆమ్లతకు సరిపడేలా చేసింది. పిల్లి చర్మానికి అంత ఆమ్లత ఉండదు కనుక అది పొడిబారుతుంది. తారు, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న చుండ్రు షాంపూలైతే ఏకంగా విషమే, ఎందుకంటే చర్మం మీద మిగిలిందంతా పిల్లి నాకుతుంది. పిల్లి నోరు తెరిచి రొప్పితే స్నానాన్ని ఎక్కడున్నది అక్కడే ఆపి, తువాలులో చుట్టి వదిలేయండి. రొప్పు తగ్గకపోతే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

నాకుతుందన్న ఈ సంగతి బొచ్చుకు రాసే ప్రతిదానికీ వర్తిస్తుంది. టీ ట్రీ నూనె, ఇతర సుగంధ తైలాలు పిల్లులకు విషం. కొబ్బరినూనె విషం కాకపోయినా, ఇప్పటికే జిడ్డుగా ఉన్న బొచ్చుకు మరింత జిడ్డును, లావుగా ఉన్న ఒంటికి మరింత కొవ్వును చేర్చడమే అవుతుంది.

తిండి, బరువు

వెంట్రుక దాదాపు పూర్తిగా మాంసకృత్తులతో తయారవుతుంది. చర్మమూ బొచ్చూ నిలబడడానికే పిల్లి రోజూ తిన్న మాంసకృత్తుల్లో పెద్ద వాటా ఖర్చవుతుంది. అందుకే బరువు తగ్గించాలని అదే పాత తిండిని సగానికి కోసి పెడితే, కేలరీలతోపాటు మాంసకృత్తులూ సగమై, రెండు నెలల్లో బొచ్చు ముందుకంటే పేలవమవుతుంది. మాంసకృత్తులు ఎక్కువగా, కేలరీలు తక్కువగా ఉండేలా బరువు తగ్గడానికే తయారుచేసిన తిండికి మారడం మంచి దారి. మూత్రపిండాల జబ్బు ఉంటే లెక్క మారుతుంది కనుక రక్తపరీక్ష చేయించిన తర్వాతే మార్చండి. తడి తిండిలో నాలుగింట మూడు వంతుల దాకా నీరే ఉంటుంది; అందువల్ల తక్కువ కేలరీలకే కడుపు నిండుతుంది, నీళ్ళు తక్కువ తాగే ముసలి పిల్లికి కొంత తడీ అందుతుంది. పొడి గింజలైతే గిన్నెతో కాకుండా వంటింటి త్రాసుతో, గ్రాముల్లో తూచి పెట్టండి. గిన్నె కొలత రోజుకో విధంగా ఉంటుంది.

తగ్గడం నెమ్మదిగా సాగాలి. వారానికి ఒంటి బరువులో 0.5 నుంచి 2 శాతం వరకు తగ్గితే చాలు. ముసలి పిల్లికి 1 శాతం దాటకపోవడమే నాకు నచ్చుతుంది. ఆరున్నర కిలోల పిల్లిని ఐదు కిలోలకు తేవాలంటే వారానికి 65 గ్రాముల చొప్పున ఐదు నెలలకు పైగా పడుతుంది. తొందరపడితే ప్రమాదం చిన్నది కాదు. లావు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, కాలేయం పని ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కొత్త తిండిని అది ముట్టడం లేదంటే 'ఆకలేస్తే అదే తింటుంది' అని పంతం పట్టకండి. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడికి ఫోన్ చేయండి.

బొచ్చు మెరుపుకు నూనె పొయ్యాలన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. ఒక టీ చెంచా నూనెలో దాదాపు 40 కేలరీలుంటాయి. రోజుకు 200 కేలరీలతో బరువు తగ్గుతున్న పిల్లికి అది రోజు తిండిలో ఐదో వంతు. ఒమేగా-3 కొవ్వులు చర్మపు వాపును తగ్గించడం నిజమే. పిల్లి శరీరం మొక్కల నూనెల్లోని కొవ్వును అవసరమైన రూపంలోకి సరిగ్గా మార్చుకోలేదు కాబట్టి అవిసె నూనె కంటే చేప నూనెకే అర్థముంది. దాన్ని కూడా వైద్యుడు చెప్పిన చుక్కల లెక్కలోనే ఇవ్వాలి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాడ్ చేప కాలేయపు నూనె దీనికి బదులు కాదు: అందులోని విటమిన్ ఎ, డి పేరుకుపోయి పిల్లి ఎముకలనూ మూత్రపిండాలనూ చెడగొట్టగలవు.

మిగిలిన చిన్న పనులు

ఫ్లీల మందు ఎంచుకునేటప్పుడు పిల్లి అసలు బరువు ఈ నెలలో తూచి చూసుకోండి, పెట్టె మీది బరువు హద్దుల్లో అది ఉండాలి. కుక్కల కోసం చేసిన మందును, ముఖ్యంగా పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నదాన్ని, ఒక్క చుక్క కూడా వేయకండి. పిల్లికి మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. ఇంట్లో కుక్కకు ఆ మందు వేస్తే అది ఆరే దాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

ముసలి పిల్లి గోళ్ళు గీకుడు తగ్గడం వల్ల మందంగా పెరిగి, వంపు తిరిగి అరికాలి మెత్తలోకే గుచ్చుకుంటాయి. రెండు మూడు వారాలకోసారి చూసి, కొస మాత్రమే, లోపల ఎర్రగా కనిపించే రక్తనాళాన్ని తాకకుండా కత్తిరించండి. నేలకు తగలని బొటనవేలి గోరును మరవకండి. గుచ్చుకునేది ఎక్కువగా అదే. గడ్డం కింద నల్ల చుక్కలు కనిపిస్తే ప్లాస్టిక్ గిన్నెను తీసేసి, వెడల్పాటి స్టీలు లేదా పింగాణీ గిన్నె పెట్టి రోజూ కడగండి. తెల్ల చెవులున్న పిల్లి ఎండలో పడుకునేదైతే చెవి కొసల మీద మానని పెచ్చు చర్మ క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు, దాన్ని ఏదో గీరుకుపోయిన గాయమని కొట్టిపారేయకండి.

రెండు వారాలకోసారి పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేసి, లెక్క రాసుకోండి. అదే రోజు నడుము భాగం ఫొటో తీసి పెట్టుకోండి. నెలల తరబడి రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫొటోల్లో తెలుస్తుంది. బరువు కొంత తగ్గి, నొప్పికి మందు పడ్డాక ఏదో ఒక రోజు పిల్లి వెనక్కి తిరిగి తన తోక మొదలును నాకుతూ కనిపించవచ్చు. అప్పటి నుంచి నడుము దువ్వడాన్ని వారానికి రెండు మూడు సార్లకు తగ్గించుకోండి. తోక కింద చూడడం మాత్రం రోజూ కొనసాగించండి.